వనజాక్షి అరగంట

వనజాక్షికి నేను నా చేత్తో ఇచ్చిన మొదటి కాగితం మెమో. ఆ సంగతి దాచిపెట్టి ఆమెను గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది దొంగ రాత అవుతుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు అబిగయీలు. నెల్లూరు సముద్రతీరంలో పదకొండు ఊళ్ళ ఆశా కార్యకర్తల మీద సూపర్‌వైజర్‌ని. వచ్చే మార్చికి రిటైరవుతాను. నాకు ముక్కు మీద కోపం. పని ఆలస్యమైతే ఆ కోపం ముక్కు దిగి నోట్లోకి వస్తుంది. పొద్దున ప్రార్థనకు మోకరిల్లినా ఒక కన్ను గోడ గడియారం మీదే ఉంటుందని మా ఆయన ఎగతాళి చేస్తాడు. నిజమే. దేవుడితో కూడా టైము ప్రకారం మాట్లాడే మనిషిని.

వనజాక్షిది ఉప్పుదిబ్బపాలెం. మైపాడు దాటి, రొయ్యల గుంటల మధ్య నుంచి పోయే మట్టిరోడ్డు సముద్రం దగ్గర ఆగిపోయే చోట ఉంటుంది. అందరూ చేపలు పట్టేవాళ్ళే. వనజాక్షి పుట్టిల్లు చిట్టమూరు వైపు. పదో తరగతి పాసై, పెళ్ళి చేసుకుని ఈ పాలెం వచ్చింది. నేను సూపర్‌వైజర్‌గా వచ్చేనాటికే పదకొండేళ్ళుగా ఆ ఊరి ఆశా. రెండు వందల అరవై గడపలు ఆమె బాధ్యత.

ఆశా పని అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. కడుపుతో ఉన్నవాళ్ళను చూడాలి, బాలింతలను చూడాలి, పిల్లలకు టీకాలు వేయించాలి, బీపీ, షుగర్ ఉన్న ముసలివాళ్ళు మాత్రలు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవాలి. దోమల సర్వే, జ్వరాల సర్వే, మళ్ళీ ఆ సర్వేలు జరిగాయా లేదా అని ఇంకో సర్వే. అన్నీ ఫోన్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే డాబా ఎక్కాలి. ఇదంతా ఇంటి పని అయ్యాక. వనజాక్షి మొగుడు పెంచల్ తెల్లవారకముందే పడవెక్కుతాడు. ఇద్దరు ఆడపిల్లలు బడికి పోవాలి. అత్త మాలకొండమ్మ పొద్దున్నే చేపలు తీసుకుని ఆటోలో నెల్లూరు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. వంటా వార్పూ వనజాక్షిదే. ఊపిరి సలపని మనిషి అంటారే, అట్లాంటి మనిషి.

ఆ మనిషి ఫోను రోజూ సాయంత్రం అయిదు నుంచి అయిదున్నర దాకా స్విచాఫ్‌లో ఉంటుందని నేను కొత్తగా ఆ ఊళ్ళ బాధ్యత తీసుకున్న నెలలోనే కనిపెట్టాను. మూడు రోజులు వరసగా అయిదుంపావుకు చేశాను. మూడు రోజులూ అంతే. నాలుగో రోజు స్కూటరెక్కాను.

ఇంటి ముందు మాలకొండమ్మ చేపలకు పొలుసు గీకుతోంది. కోడలి ఫోను ఆమె ఒళ్ళో, కొంగులో చుట్టి ఉంది.

"వనజాక్షి ఏది?" అన్నాను.

"కూచోనుండాది మేడం."

"కూర్చుంటే లెమ్మను. నేను వచ్చానని చెప్పు."

"లేపకూడదు మేడం. కాసేపాగితే అదే లేచొస్తాది."

"నిద్రపోతోందా?"

"నిద్దరెందుకు పోతాది? కూచోనుండాది అంటా ఉండా కదా!"

ముసలమ్మ నన్ను పైకీ కిందికీ చూసింది. ఇంత చదువుకున్న దానికి ఇంత చిన్న మాట ఎందుకు అర్థం కావడం లేదన్నట్టు ఉందా చూపు. నేను విసురుగా సముద్రం వైపు నడిచాను.

ఒడ్డున లాగిపెట్టిన ఒక ఫైబర్ పడవ నీడలో వనజాక్షి కూర్చుంది. కాళ్ళు మడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరుచుకునే ఉంది. జపమా అంటే పెదవులు కదలడం లేదు. ఏడుపా అంటే ముఖం ప్రశాంతంగా ఉంది. పది అడుగుల దూరంలో వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను దగ్గరికి పోబోతే వాళ్ళలో ఒకామె చెయ్యి అడ్డం పెట్టి వద్దని తల ఊపింది. పదిహేడు నిమిషాలు ఇసుకలో నిలబడ్డాను. వాచీ చూసుకుంటూనే ఉన్నాను కాబట్టి లెక్క తప్పదు. ఆమె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

అయిదున్నరకు లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంది. నన్ను చూసి ఉలిక్కిపడి నమస్కారం పెట్టింది. అంతలోనే, "రెండు నిమిషాలు మేడం, ఇప్పుడే వస్తా" అని నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. మెమో రాయడానికి ఆ ఒక్క కారణం చాలు అనుకుంటూ నేనూ వెనకే వెళ్ళాను.

మూడో ఇంట్లో షుగర్ జబ్బున్న ముసలాయన మంచం మీద ఉన్నాడు. వనజాక్షి సరాసరి లోపలికి పోయి, "తాతా, ఆ మాత్రల డబ్బా ఇట్టియ్యి" అంది. మూత తీసి చూస్తే పోయిన ఆదివారం నుంచి ఒక్క మాత్రా కదల్లేదు. ముసలాయన నవ్వేశాడు. దొరికిపోయిన దొంగ నవ్వు.

"పొద్దున అడిగితే వేసుకుంటా ఉండానన్నాడు మేడం. నేనూ రాసుకున్నా" అంది వనజాక్షి బయటికొస్తూ. "కానీ డబ్బా మూత మీద దుమ్ముండింది. పొద్దున కంటికి ఆనింది గానీ బుర్రకెక్కలా. ఇప్పుడు కూచుంటే కనపడింది."

అప్పుడు తెలిసింది ఆమె ఏం చేస్తుందో. రోజూ ఆ అరగంటలో ఆ పూట తిరిగిన ఇళ్ళన్నీ మనసులో మళ్ళీ తిరుగుతుంది. ఏ వరసలో వెళ్ళిందో అదే వరసలో. గడప ఎక్కుతుంది, లోపలికి చూస్తుంది, మనిషి ముఖం చూస్తుంది, చేతులు చూస్తుంది, బయటికి వస్తుంది. తర్వాత ఇంకో గడప. తొందర పడదు. ఒక ఇంటి దగ్గర మనసు ఆగితే ఎందుకు ఆగిందో తేలేదాకా అక్కడే ఉంటుంది.

ఇది ఆమె మామ రమణయ్య దగ్గర నేర్చుకున్నది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. పడవను నీళ్ళలోకి తోసే ముందు ఆయన ఒడ్డున కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్ళు చూసేవాడట. పక్కవాళ్ళు పడవలు తోసుకుని పోతున్నా కదిలేవాడు కాదట. సాయంత్రం మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. వల ఎక్కడ బరువైంది, చేప ఏ పక్కకు తిరిగింది, నీళ్ళ రంగు ఎక్కడ మారింది, అన్నీ ఒకసారి తలుచుకుని లేచేవాడు. వనజాక్షి ఆశాగా చేరిన మొదటి నెలలో ఒకరోజు ఇంటికొచ్చి బావురుమంది. రెండు వందల అరవై ఇళ్ళు తలలో కలగాపులగం అయిపోయాయి, ఎవరి బిడ్డకు జ్వరమో ఎవరి అత్తకు పక్షవాతమో తేలడం లేదు, ఈ ఉద్యోగం నావల్ల కాదు అని ఏడ్చింది. రమణయ్య, "రేపట్నించి నాతో వచ్చి కూచోమ్మా" అన్నాడు. అంతే. ఇంకేమీ చెప్పలేదు.

"మొదటి పది దినాలు కూర ఏం చెయ్యాలా అనేదే గుర్తుకొచ్చింది మేడం" అంది వనజాక్షి నవ్వుతూ. "పదకొండో దినం ఒక బాలింత ముఖం కనపడింది. పాలు పడటంల్యా ఆ పిల్లకి. సిగ్గుపడి నాతో చెప్పలా. పోయి అడిగితే ఏడ్చేసింది. ఆ దినం నించి మానలా."

నేను పట్టు వదిలే రకం కాదు. "ఇదంతా పుస్తకంలో రాసుకుంటే సరిపోదా?" అన్నాను.

"రాసుకునేది మనం అడిగింది మేడం. అడగంది యాడ రాసుకునేది?"

జవాబు లేనప్పుడు నాకు ఇంకా కోపం వస్తుంది. "ఆ అరగంటలో ఎవరికైనా నొప్పులొస్తే?" అన్నాను. ప్రాణం మీదికి వస్తే అత్త పరుగెత్తుకుని వచ్చి లేపుతుందని, ఇంటికీ పడవకూ మధ్య దూరం యాభై అడుగులేనని ఆమె చెప్పింది. పదకొండేళ్ళలో అట్లా నాలుగుసార్లు లేచిందట. నేను చెవిన వేసుకోలేదు. మా ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో ఆలస్యం అమృతం విషం అని రాసి ఉంటుంది. నిదానమే ప్రధానం అని కూడా మన పెద్దలే అన్నారు గానీ దాన్ని ఏ ఆఫీసు గోడ మీదా నేను చూడలేదు. మర్నాడు మెమో ఇచ్చాను. పని వేళల్లో ఫోను ఆపకూడదు, ఆపితే చర్య తీసుకుంటాం అని. కాగితం చదువుకుని, మడిచి పెట్టుకుని, "సరే మేడం" అంది.

ఆమె మాట మీద నిలబడే మనిషి. ఆ రోజు నుంచి ఫోను ఆపలేదు. అయిదింటికి ఒడ్డుకు పోయి కూర్చుంటే ఫోను మోగుతుంది, మాట్లాడుతుంది, మళ్ళీ కూర్చుంటే మళ్ళీ మోగుతుంది. వారానికల్లా ఒడ్డుకు పోవడమే మానేసింది. ఆ అరగంటలో కూడా ఎంట్రీలు చేసింది. రెండున్నర నెలల్లో నా పదకొండు ఊళ్ళలో ఉప్పుదిబ్బపాలెం అన్నిటికన్నా ముందుకొచ్చింది. నెల మీటింగులో ఆమెను నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించాను. చప్పట్లు కొడుతుంటే ఆమె నా వైపు కాకుండా నేల వైపు చూసింది. వినయం అనుకున్నాను.

మాలకొండమ్మ మాత్రం ఒకసారి దారిలో ఎదురై, "మీ ఫోను గెలిచినాది మేడం" అని చేపల బుట్ట సర్దుకుంటూ వెళ్ళిపోయింది. ఆ ముసలమ్మకు నేనంటే భయం లేదు.

ఆ ఊళ్ళో సుబ్బు అని ఒక కుర్రాడు. అతని భార్య చిట్టి. ఇరవయ్యేళ్ళ పిల్ల, తొలి కాన్పు. ఏడో నెలలో సీమంతం చేశారు. ముత్తయిదువలతో పాటు వనజాక్షి కూడా ఆ పిల్ల చేతులకు గాజులు తొడిగింది. రెండు చేతుల నిండా ఎర్రవీ పచ్చవీ మట్టిగాజులు. కాన్పయ్యేదాకా అవి తీయకూడదని వాళ్ళ ఆచారం. చిట్టి మాటకు ముందు చెయ్యి ఆడించే పిల్ల. ఆమె ఎక్కడుందో చూడక్కర్లేదు, రెండిళ్ళ అవతల నుంచే గాజులు చెప్పేవి.

ఎనిమిదో నెలలో ఒక మంగళవారం వనజాక్షి చిట్టి ఇంటికి వెళ్ళింది. అడగాల్సినవన్నీ అడిగింది. తలనొప్పి ఉందా, లేదు. కళ్ళు మసకలు కమ్ముతున్నాయా, లేదు. బిడ్డ కదులుతోందా, ఆఁ కదులుతోంది. మధ్యలో మూడుసార్లు ఫోను మోగింది. ఆ వారం జ్వరాల సర్వే నడుస్తోంది. అన్నిటికీ టిక్కులు పెట్టి పక్కింటికి వెళ్ళింది.

సాయంత్రం అయిదుంపావుకు ఆమెకు నేనే ఫోన్ చేశాను.

"మేడం, ఈ ఒక్క పూట కాసేపు కూచుంటాను" అంది వనజాక్షి. "చిట్టి ఇంటికాడ ఏందో సరిగా లేదు. ఏందనేది అందడంల్యా."

"పోయిన వారమే కదా బీపీ చూశారు, నార్మలే ఉంది. నువ్వు అడిగినవాటికి ఏమంది?"

"అన్నీ బాగుండాయనే చెప్పినాది."

"మరింకేం? ముందు జ్వరాల ఎంట్రీ పూర్తి చెయ్యి. ఎనిమిదింటికి జిల్లాకు పంపాలి. ఒక్క నీ ఊరిదే ఆగింది."

"సరే మేడం" అంది.

ఎంట్రీ పూర్తి చేసి చిట్టి ఇంటికి వెళ్ళిందట. పిల్ల అలసిపోయి పడుకుంది, లేపొద్దు, పొద్దున రా అన్నారట ఇంట్లోవాళ్ళు. పొద్దు పొడుస్తుండగా చిట్టికి ఫిట్స్ వచ్చాయి. పల్లెల్లో గుర్రపువాతం అంటారు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఒక్కసారిగా బీపీ పెరిగి వచ్చే జబ్బు. అంబులెన్సులో వనజాక్షి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు దాకా వచ్చింది. చిట్టి బతికింది. కడుపులో మగబిడ్డ బతకలేదు.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి వనజాక్షి వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చీర మీద గాజు ముక్కలు మెరుస్తున్నాయి. సెలైన్ పెట్టడానికి గాజులు తీయబోతే రాలేదట. చేతులు అంతగా వాచిపోయి ఉన్నాయి. చివరికి నర్సు పగలగొట్టింది.

"నిన్న ఆ పిల్ల నా ముందర బియ్యం చెరిగింది మేడం" అంది వనజాక్షి. "చెరగతా మాట్లాడింది, నవ్వింది, చేతులు ఆడించింది. ఒక్క గాజన్నా మోగలా. చేతులు వాచి గాజులన్నీ ఒకదానికొకటి బిగుసుకుపోయుండాయి. నా చెవులకి అది తెలిసింది మేడం. అందుకే మనసు ఆడ ఆగింది. కూచోనుంటే దొరికిపోయేది."

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టినా, చెప్పు తీసుకున్నా నాకు కొంత తేలికయ్యేది. ఇంటికెళ్ళి మెమో రద్దు చేస్తూ ఇంకో కాగితం రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎట్లా ఉంటుందో ఆ కాగితం రాస్తున్నప్పుడు నాకు తెలిసింది. ఆ రోజు నా ప్రార్థన ఎంతసేపు సాగిందో చెప్పలేను. గడియారం వైపు చూడలేదు.

కాగితం మారింది గానీ వనజాక్షి మళ్ళీ ఒడ్డుకు పోలేదు. ఇల్లిల్లూ తిరుగుతోంది, పని చేస్తోంది, సాయంత్రమైతే తలుపు వేసుకుంటోంది. సుబ్బు ఊళ్ళో కనపడ్డవాళ్ళందరితో అంటున్నాడు: పొద్దున వచ్చి చూసిపోయింది, అంతా బాగుందని రాసుకునిపోయింది, తెల్లారేసరికి నా బిడ్డ లేడు. అతని మాటలో అబద్ధం లేదు. నెలన్నరకు ఊరి పెద్దల దగ్గరికి పోయి దురాయి వెయ్యమని అడిగాడు.

దురాయి అంటే ఆ తీరంలో ఊరంతటినీ కట్టేసే మాట. పెద్దలు కూర్చుని ఒకసారి చెప్పారంటే అంతే. తప్పినవాళ్ళతో ఎవరూ పడవెక్కరు, వాళ్ళింటికి ఎవరూ పోరు, పిలవరు. వనజాక్షి ఇక ఎవరి గడపా తొక్కకూడదని దురాయి వెయ్యాలని సుబ్బు కోరిక. అది జరిగితే ఆమె ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఊరు ఊరంతా ఆమెకు మూసుకుపోతుంది.

పెద్దలు కూర్చునే ముందురోజు మాలకొండమ్మ నాకు ఫోన్ చేసింది. ఎప్పుడూ చెయ్యని మనిషి.

"రేపు రండి మేడం. నా కోడలు తనంతట నోరు తెరవదు. దాని సంగతి నాకు తెలుసు."

పడవలు తిరిగొచ్చాక, పొద్దున పదిగంటలకు, వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో అందరూ కూర్చున్నారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఇంకో పక్క. ఊరిపెద్ద పద్మనాభయ్య ఇంకో ముగ్గురు పెద్దలతో మధ్యలో కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు రమణయ్యతో ఒకే పడవలో పోయినవాడు. నేను ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. చిట్టి కూడా వచ్చింది. కాన్పయ్యాక ఆమె ఇంట్లోంచి బయటికి రావడం అదే మొదటిసారి. షెడ్డు గుంజకు ఆనుకుని కూర్చుంది. చేతులు బోసిగా ఉన్నాయి.

సుబ్బు నిలబడి తన మాట చెప్పాడు. చివరి మాట పూర్తి చెయ్యకుండానే కూర్చున్నాడు.

పద్మనాభయ్య వనజాక్షిని పిలిచాడు. "ముందురోజు పోయినావు కదమ్మా. ఆ పిల్ల చేతుల వాపు నువ్వు చూళ్ళేదా?"

"చూసినాను మామా" అంది వనజాక్షి. "కూచోలేదు."

ఆ మాట నా ఆఫీసులో చెప్పి ఉంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ ఊళ్ళో అందరికీ అర్థమైంది.

"పదకొండేండ్లు మానకుండా కూచున్నావు" అన్నాడు పద్మనాభయ్య. "ఎందుకు కూచోలా?"

వనజాక్షి తల దించుకుంది. నేను ఉన్నానని తెలుసు. నా వైపు చూడలేదు. ఆయన రెండోసారి అడిగాడు. ఆమె పెదవి విప్పలేదు. ఊరు ఊరంతా వెలివేస్తుందని తెలిసి కూడా నా పేరు చెప్పకుండా నిలబడింది. నా సర్వీసులో చాలామందిని చూశాను. తప్పు పక్కవాళ్ళ మీదికి తోసేవాళ్ళను చూశాను, పైవాళ్ళ మీదికి తోసేవాళ్ళను చూశాను, నేనే ఎన్నోసార్లు తోశాను. ఇట్లా మోసేవాళ్ళను చూడలేదు.

"నావల్ల కూర్చోలేదు" అన్నాను.

అందరూ తిరిగారు. ముందుకొచ్చి మెమో సంగతి చెప్పాను. చప్పట్లు కొట్టించిన సంగతి చెప్పాను. ఆ మంగళవారం సాయంత్రం ఆమె కాసేపు కూర్చుంటానని అడిగిందని, నేనే వద్దన్నానని, అప్పుడు నాకు ఒక పట్టిక నిండటం ముఖ్యమైందని చెప్పాను. "తప్పు నాది. దురాయి వేస్తే నా మీద వెయ్యండి" అన్నాను. సుబ్బు నన్ను చూశాడు. ఆ చూపు ముందు నా ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు దేనికీ కొరగాలేదు.

పెద్దలు నలుగురూ పక్కకు పోయి చాలాసేపు మాట్లాడుకున్నారు. పద్మనాభయ్య తిరిగొచ్చి నిలబడే చెప్పాడు.

"రేపట్నించి సాయంత్రం అయిదు నించి అయిదున్నర దాకా వనజాక్షి ఒడ్డున కూచుంటాది. ఆ టైములో దాన్ని పిలిచినోళ్ళు, పలకరించినోళ్ళు, ఫోన్ కొట్టినోళ్ళు దురాయి తప్పినట్టే. ప్రాణం మీదికొస్తే మాలకొండమ్మ లేపతాది. ఇంకెవురూ లేపకూడదు."

"ఆపీసోళ్ళు కొడితే?" అన్నారెవరో వెనక నుంచి.

పద్మనాభయ్య నా వైపు తిరిగాడు. "మిమ్మల్ని కట్టేసే హక్కు మాకు లేదు మేడం. మీరు ఈ ఊరోళ్ళు కాదు."

"నన్నూ కలుపుకోండి" అన్నాను. "ఆ అరగంట ఆమె ఫోన్‌కు వచ్చే కాల్స్ నా ఫోన్‌కు మళ్ళిస్తాను. నేనే మాట్లాడతాను."

ఏడాదిన్నరగా మాట్లాడుతూనే ఉన్నాను. ఆ వచ్చే కాల్స్‌లో సగం మా ఆఫీసువేనని తెలిశాక నాకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. మిగతా పది ఊళ్ళ ఆశాలను కూడా రోజూ అరగంట కూర్చోమన్నాను. ముగ్గురు కూర్చుంటున్నారు. మిగతావాళ్ళు నన్ను చూసి మేడంకు వయసు మీదపడింది అనుకుంటున్నారు.

ఆ రోజు షెడ్డులో మాత్రం సుబ్బు ఇంకా శాంతించలేదు. లేచి నిలబడ్డాడు. అతని గొంతులో కోపం పోయి వేరే ఏదో మిగిలింది.

"ఇంక రోజూ కూచుంటాది, సరే. కూచుంటే నా బిడ్డ తిరిగొస్తాడా పెదనాయనా?"

నిలబడి ఉన్న పద్మనాభయ్య కూర్చున్నాడు. వనజాక్షి అతని ఎదురుగా నిలబడి ఉంది. ఇక ఇట్లాగే అందరూ లేచి వెళ్ళిపోతారేమో, దురాయి ఉన్నా ఈ మనిషి మళ్ళీ ఒడ్డుకు పోదేమో అనిపించింది నాకు.

అప్పుడు చిట్టి గుంజ పట్టుకుని లేచింది. ఒకావిడ పట్టుకోబోతే వద్దంది.

"అక్కా" అని పిలిచింది వనజాక్షిని. "రేపు కూచున్నప్పుడు మా ఇంటినించే మొదలుపెట్టు."

వనజాక్షి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్ని రోజుల్లో ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. చిట్టి అక్కడే నిలబడి ఆమె కోసం చూస్తోంది. ఇద్దరి మధ్యలో సుబ్బు ఉన్నాడు. అతను కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పక్కకు జరిగి వనజాక్షికి దారి ఇచ్చాడు.